అంచె

లైన్‌మన్ యల్లమంద కొడుకు,
ఐదో తరగతి, ఇన్‌లాండ్ కవరు ముఖమెరగని వాడు,
నా బల్ల అంచు పట్టుకుని అడిగాడు:
"మా నాయన ఎక్కేదీ పోస్టే,
నువ్వు కూర్చునేదీ పోస్టే.
అయితే నువ్వు స్తంభాలకి మాస్టరువా తాతా?"

తెలీదురా అన్నాను.
ముప్పై మూడేళ్లు ఆ పేరుతో పిలిస్తే పలికాను,
పేరేందో అడగలేదు.

పొన్నలూరు దాటి, మన్నేటి ఇసుక దాటి
పొగాకు బ్యారన్ల నడుమ మా ఊరు.
ఆఫీసంటే మా ఇంటి వసారానే.
ఒక ఇనప్పెట్టె, ఒక బంక సీసా,
ఇరవై గ్రాముల రాయి పోయిన తక్కెడ.
రాయికి బదులు నాలుగు పాత రూపాయి బిళ్లలు, ఒక పావలా.
కాస్త ఎక్కువే తూగుతాయి.
తూగనీ, జనానికే కదా లాభం.

కందుకూరు నుంచి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ
రూపాయి బిళ్లలు చూసింది, చూడనట్టు రాసుకుంది.
సంతకం పెట్టేటప్పుడు ఆ పిల్లోడి ప్రశ్న ఆమెనడిగాను.
"స్తంభం వేరండీ, ఆ మాట వేరే వేరు నుంచి మొలిచింది.
ఇది 'ఉంచినది' అని.
ఒకప్పుడు ఇటలీ దారుల్లో ఆమడకో చోట
గుర్రాల్ని ఉంచేవాళ్లంట.
అలిసినదాన్ని దిగి, కొత్తదాన్ని ఎక్కి
వార్త ముందుకు పోవాల.
ఆ గుర్రాల్ని కాసేవాడు మాస్టరు."

అంచె అన్నమాట, అన్నాను.
అంతే, అంది. కాఫీ వద్దంది.

ఆ రాత్రి నిద్ర పట్టలా.
పోయేది వార్త. ఉండేది నేను.
ఊళ్లో కుర్రాళ్లు పోస్టు కొట్టాం అని స్వీట్లు పంచితే
ఆ ఆర్డరు కవర్లు నా బల్ల మీదుగానే పోయాయి.
నన్ను మాత్రం ఇక్కడ పెట్టారు.
పెట్టినచోట ఉన్నాను.

ఇంకోటి తోచింది.
ఉత్తరమంటే బదులు. జాబన్నా బదులే, జవాబే.
సంచి నిండా ఇన్నేళ్లూ బదుళ్లు మోశాం,
ముందు అడిగిందెవరు?
ఏ కార్డు తిప్పినా అడుగున అదే గీత:
మీ క్షేమం తెలుపగలరు.
అడిగింది అదొక్కటే కాబోలు,
ఊరూరా, చేతులు మారి, చేతులు మారి.

పొద్దున్నే తారీకు ముద్రలో
పట్టకారుతో ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టాను.
చిన్నపిచ్చమ్మ వచ్చింది, ఉపాధి పని డబ్బులకి.
నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగు చేసిన వేళ్లు,
ఆకు ఈనెలు ఆమె గీతల్ని తినేశాయి.
మిషను మీద బొటనవేలు: సరిపోలలేదు.
చూపుడువేలు: సరిపోలలేదు.
తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్లీ.
సరిపోలలేదు.
ఊదా సిరా కాలం నుంచి
ఆ వేలిని నేనే పట్టుకుని కాగితం మీద దొర్లించాను.
మొగుడు హార్బరు పనికి పోయి పంపిన
మొదటి మనియార్డరు కాడ్నించి నాకు తెలుసు.
నాకు తెలుసని చెప్పడానికి
ఆ మిషన్లో గడి లేదు.
"నేను నేనేనయ్యా" అందామె, మిషనుతో.

ఎడంచేతి ఉంగరం వేలికి
పదకొండోసారి పచ్చలైటు వెలిగింది.
ఆ వేలికి ఉంగరం ఎప్పుడూ లేదు,
అందుకే మిగిలిందేమో.

పదకొండున్నరకి ఖాజావలి టీవీఎస్ మోపెడ్ చప్పుడు.
సంచి దించాడు, రెండు బ్యాంకు నోటీసులు, ఒక పత్రిక.
చెంబుడు మజ్జిగ ఇచ్చాను.
నిలబడే తాగాడు, ఎప్పట్లాగే.

బడి వదిలాక పిల్లోడికి అంతా చెప్పాను,
ఇటలీ, ఆమడలు, గుర్రాలు.
స్తంభాల సంగతి మర్చిపోయాడు.
"గుర్రాలేవి మరి?"
ఖాజావలి పోయిన దారి చూపించాను.
నమ్మలా.
ఇంటి వెనక్కి పోయి, చొప్పవామి చుట్టూ తిరిగి,
పాత బ్యారన్లోకి తొంగిచూసి వచ్చాడు.
"లద్దె కూడా లేదు తాతా,"
అన్నాడు, నా వంక అనుమానంగా చూస్తూ.